నిష్పాక్షికమైన పని వాతావరణంపై ఒక రోజు శిక్షణ: పెట్టిన డబ్బుకు న్యాయం జరిగిందా?

హనుమకొండలో తెలుగు వినియోగదారుల ఫోన్లకు జవాబిచ్చే ఒక సేవాకేంద్రంలో నేను శిక్షణ వ్యవహారాలు చూస్తుంటాను. తోటి ఉద్యోగుల గురించి మనం ముందే ఏర్పరచుకున్న అభిప్రాయాలు నియామకాల్లో, పదోన్నతుల్లో, రోజువారీ మాటల్లో ఎలా పనిచేస్తాయో చూపించి, వాటిని సరిదిద్దుకునే పద్ధతులు నేర్పుతామని చెప్పే ఒక హైదరాబాద్ సంస్థ ఇటీవల మా దగ్గర ఒక రోజు కార్యక్రమం నిర్వహించింది. ముప్పై మంది వరకు ఉండే బృందానికి అరవై వేల రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ తీసుకున్నారు. శిక్షకురాలి ప్రయాణ ఖర్చు, నక్కలగుట్టలో హాలు అద్దె మేమే భరించాము. ఇలాంటి సేవలు అందించేవారు ఇప్పుడు చాలామందే ఉన్నారు కనుక ఆ సంస్థ పేరు రాయడం లేదు. ఎవరిని పిలిచినా ఏమి అడిగి పిలవాలన్నదే చెప్పదలచుకున్నాను. ఉదయం భాగం చాలా బాగుంది, మధ్యాహ్నం సగమే పనికొచ్చింది, కులం దగ్గరికి వచ్చేసరికి కార్యక్రమం చేతులెత్తేసింది.

శిక్షకురాలు ఉపన్యాసంతో మొదలుపెట్టకపోవడమే మొదటి మంచి సంగతి. బోర్డు మీద 2, 4, 6 అని రాసి, ఈ వరుస తన మనసులో ఉన్న ఒక నియమానికి సరిపోతుందని, మేము వేరే వరుసలు చెబితే అవి సరిపోతాయో లేదో చెబుతానని, ఆ నియమమేమిటో కనిపెట్టమని అన్నారు. మావాళ్లు 8, 10, 12 అన్నారు, సరిపోతుందన్నారు. 20, 22, 24 అన్నారు, అదీ సరిపోతుందన్నారు. ఇక సందేహమెందుకు, రెండేసి చొప్పున పెరిగే సరిసంఖ్యలే అని హాలంతా తేల్చేసింది. నిజానికి ప్రతి సంఖ్య దాని ముందున్నదానికన్నా పెద్దదైతే చాలు. 1, 7, 50 అన్నా సరిపోయేది. తమ ఊహ తప్పైతే బయటపెట్టగలిగే వరుసను మాత్రం ఎవరూ అడగలేదు. మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ వేసన్ 1960లో ప్రచురించిన ప్రయోగమిది. దీన్ని ఆటగా వదిలేయకుండా ఆమె వెంటనే మా పనికి ముడిపెట్టారు: ఫలానా కాలేజీ పిల్లలు నిలకడగా ఉండరని నమ్మే మేనేజరు, అక్కడి నుంచి వచ్చి మధ్యలో మానేసినవారిని గుర్తుంచుకుంటాడు గానీ, అదే కాలేజీలో చదివి ఏళ్ల తరబడి తన పక్క టేబుల్ దగ్గరే పనిచేస్తున్నవారిని లెక్కలోకి తీసుకోడు. ఎన్ఐటీ ఉన్న ఊళ్లో మిగతా కాలేజీల వాళ్ల మీద పడే చిన్నచూపు ఎలాంటిదో తెలిసినవారు కనుక ఆ ఉదాహరణకు హాలులో చాలామంది తలలూపారు.

రోజు మొత్తంలో అన్నిటికన్నా విలువైన గంట దాని తర్వాత వచ్చింది. గత ఏడాది పనితీరు నివేదికల్లో పై అధికారులు రాసిన వాక్యాలను, పేర్లు తీసేసి, వారు ముందుగానే మా దగ్గర తెప్పించుకున్నారు. వాటిని చీటీలుగా కత్తిరించి టేబుళ్ల మీద పరిచి, ఏది మగవారి గురించి రాసినదో ఏది ఆడవారి గురించి రాసినదో విడదీయమన్నారు. దాదాపు ఎవరూ తడబడలేదు. "బాధ్యత భుజాన వేసుకుంటాడు" అన్నట్టు సారాంశమున్న చీటీలు ఒక పక్కకు, "ఓపిక ఎక్కువ, అందరితో కలిసిపోతుంది" అన్నవి మరో పక్కకు వెళ్లాయి. మొదటి రకం మాటలు పదోన్నతికి కారణాలవుతాయి, రెండో రకం మాటలు మెచ్చుకోలుగానే మిగిలిపోతాయి. "ఈ మధ్యే పెళ్లి కుదిరింది, రాత్రి షిఫ్టులకు ఇబ్బంది కావచ్చు" అన్న చీటీ ఒకటి చేతులు మారుతూ పోయింది. ఆ అమ్మాయిని ఎవరైనా అడిగారా అని శిక్షకురాలు ప్రశ్నిస్తే జవాబు రాలేదు. ఆమె ఎవరినీ నిందించలేదు, ఎవరి దస్తూరీ అని ఆరా తీయలేదు. సొంత కార్యాలయపు కాగితాలే ముందుండటంతో వాదించడానికి ఎవరికీ అవకాశం దొరకలేదు.

యాస గురించిన చర్చ కూడా ఇదే పద్ధతిలో నడిచింది. ఫోన్ సంభాషణలకు మార్కులు వేసే మా పత్రంలో "భాషా స్పష్టత" అనే గడి ఒకటి ఉంది. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు నుంచి వచ్చిన పిల్లలకు ఆ గడిలో తరచూ మార్కులు తగ్గుతుంటాయి. అదే ప్రాంతాల నుంచి కోపంగా ఫోన్ చేసే రైతును మెత్తబరచగలిగేది ఎక్కువగా ఈ పిల్లలేనని టీమ్ లీడర్లకు బాగా తెలుసు. కాళోజీ జయంతి అయిన సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటాము, ఫొటోకు పూలమాల వేస్తాము, మర్నాడు ఎప్పటిలాగే ఆ గడిలో సున్నా పెడతాము! స్పష్టత అంటే వినేవారికి అర్థం కావడమా, పై అధికారి చెవికి ఇంపుగా ఉండటమా అని శిక్షకురాలు అడిగిన ప్రశ్నతో ఆ గడి వివరణను తిరగరాయవలసిన అవసరం అందరికీ తెలిసివచ్చింది.

మధ్యాహ్నం భోజనం తర్వాత అందరి చేతా కంప్యూటర్ మీద ఒక పరీక్ష చేయించారు. మాటలను, బొమ్మలను ఎంత వేగంగా జతచేస్తామన్న దాన్నిబట్టి మనలో దాగిన మొగ్గును కొలిచే ఈ పరీక్షను అమెరికా పరిశోధకులు 1998లో ప్రవేశపెట్టారు. ప్రతి ఒక్కరికీ ఒక ఫలితం చేతికిచ్చి, ఇదీ మీ పక్షపాతం అన్నట్టుగా మాట్లాడటం నాకు నచ్చలేదు. ఇలాంటి కొలతలను మార్చగలిగినా, దానివల్ల మనుషుల ప్రవర్తన మారినట్టు ఆధారం కనిపించలేదని 492 అధ్యయనాలను కలిపి పరిశీలించి 2019లో ప్రచురించిన విశ్లేషణ తేల్చింది. ఆ మాట చెప్పకుండా పరీక్ష పెడితే, కొందరు అనవసరంగా నొచ్చుకుంటారు, మంచి ఫలితం వచ్చినవారు తమకిక ఏ శిక్షణా అక్కర్లేదనుకుంటారు. మా దగ్గర రెండూ జరిగాయి.

అసలు లోపం ఆ తర్వాత బయటపడింది. దరఖాస్తు మీద ఉన్న పేరు ఉద్యోగావకాశాన్ని ఎలా మారుస్తుందో చెప్పడానికి వారు బోస్టన్, షికాగో నగరాల్లో జరిపి 2004లో ప్రచురించిన అధ్యయనాన్ని చూపించారు. మంచి అధ్యయనమే, కాదనను. కానీ మన దేశంలోనే పత్రికా ప్రకటనలు చూసి, ఒకే స్థాయి అర్హతలతో, వేర్వేరు పేర్లతో ప్రైవేటు కంపెనీలకు దరఖాస్తులు పంపి సుఖదేవ్ థోరాట్, పాల్ ఎట్టివెల్ చేసిన పరిశోధన 2007లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చింది. అగ్రకుల హిందూ పేరుతో పోలిస్తే దళిత పేరున్న దరఖాస్తుకు పిలుపు వచ్చే అవకాశం మూడింట రెండు వంతుల దగ్గర, ముస్లిం పేరున్న దానికి మూడింట ఒక వంతు దగ్గర ఉన్నట్టు అందులో తేలింది. దాని ప్రస్తావనే లేదు. మా సహోద్యోగి ఒకరు లేచి, "మేడమ్, మా దగ్గర ఇంటర్వ్యూలో ఇంటిపేరు అడుగుతరు, ఊరు అడుగుతరు, ఊళ్లె మీ ఇల్లు ఏ దిక్కున్నదని అడుగుతరు, అదెందుకో అందరికీ తెలుసు, దాని గురించి చెప్పండి" అన్నారు. అది సున్నితమైన విషయమని, సమయముంటే చివర్లో చూద్దామని జవాబొచ్చింది. చివర్లో సమయం లేకపోయింది. పెళ్లైన ఆడవారి గురించి, యాస గురించి అంత నేర్పుగా మాట్లాడించగలిగినవారికి ఇది చేతకాక కాదు, కంపెనీ యాజమాన్యాలు నొచ్చుకుంటాయన్న జంకువల్లనేనని నా అనుమానం.

మరికొన్ని సంగతులు. ముద్రించి ఇచ్చిన పుస్తకం మొత్తం ఇంగ్లిషులోనే ఉంది; శిక్షకురాలు చక్కటి తెలుగు మాట్లాడారు కనుక గండం గడిచింది. కాంట్రాక్టు మీద పనిచేసే సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్ సిబ్బందిని పిలవలేదు. గౌరవం గురించిన చర్చ జరుగుతుండగా టీ కప్పులు అందించిన అక్కకు కుర్చీ లేదు. ఈ లోటులో మా యాజమాన్యానికీ వాటా ఉంది. పది మంది, అంతకు మించి పనిచేసే చోట లైంగిక వేధింపుల నిరోధానికి 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీ తప్పనిసరి అని, ఈ కార్యక్రమం దానికి ప్రత్యామ్నాయం కాదని స్పష్టంగా చెప్పడం మాత్రం మెచ్చుకోదగింది.

తర్వాత మా దగ్గర నిలిచిన మార్పులన్నీ ఉదయం భాగం నుంచి వచ్చినవే. ఇంటర్వ్యూ ప్రశ్నలు ముందే రాసిపెట్టుకుని అందరినీ అవే అడుగుతున్నారు. బోర్డులోని ముగ్గురూ ఎవరి మార్కులు వారు వేసిన తర్వాతే చర్చ మొదలుపెడుతున్నారు. తండ్రి వృత్తి, వివాహ వివరాల గడులు దరఖాస్తు నుంచి తీసేశారు. మూడు నెలల తర్వాత ఆన్‌లైన్‌లో మళ్లీ కలుస్తామన్న హామీ ప్రకారం కలిశారు గానీ, అది పాత స్లైడ్లను తిరగేయడంతోనే సరిపోయింది.

సర్టిఫికెట్ల కోసమైతే ఈ డబ్బు దండగ. మీ సొంత నివేదికలు, మార్కుల పత్రాలు, ఇంటర్వ్యూ ప్రశ్నలు ముందే ఇచ్చి వాటి మీదే పని చేయమని అడిగే ఉద్దేశముంటే నిస్సంకోచంగా పిలవవచ్చు. ఇంటర్వ్యూ బోర్డు సభ్యులకు మాత్రమే తెలుగులో పూటపాటి శిక్షణ కావాలని, అందులో కులం, మతం గురించిన భాగం తప్పక ఉండాలని మేము మళ్లీ రాశాము. ధర పంపించారు, ఆ భాగం గురించి మాత్రం ఏమీ రాయలేదు. అది రాతపూర్వకంగా వచ్చేదాకా అడ్వాన్సు ఇవ్వవద్దని మా అకౌంట్స్ విభాగానికి చెప్పి ఉంచాను.