ఐదేళ్లు వాడాక ఉడుత గొట్టం గురించి

పెరట్లో పిట్టలకు గింజలు పెట్టడం మొదలుపెట్టినప్పుడు ఉన్న డబ్బంతా ఫీడర్ మీదే, అంటే గింజలు నింపి వేలాడదీసే డబ్బా మీదే పెట్టాను. ఉడుత బరువు పడగానే గింజల కిటికీలు మూసుకుపోయే ఖరీదైన రకం కొన్నాను. అది పనిచేయదని అనను. కానీ ఇక్కడి న్యూజెర్సీ బూడిద రంగు ఉడుత అరకిలో తూగుతుంది. వెనక కాళ్ల పాదాలు పూర్తిగా వెనక్కి తిప్పగలదు. పైకొక్కేన్ని ఆ కాళ్లతో పట్టుకుని, తలకిందులుగా వేలాడుతూ, కింది అంచు మీద బరువు పడకుండానే గింజలు తీసుకునేది. నెల రోజులు అది చూసి చూసి, 2020 ఏప్రిల్‌లో ఫీడర్ సంగతి వదిలేసి, అది వేలాడే స్తంభానికి తొడిగే రేకు గొట్టం కొన్నాను. ఇక్కడ దాన్ని బాఫిల్ అంటారు. జానెడు వెడల్పు, రెండడుగుల పైన పొడవు. కింది వైపు తెరిచి ఉంటుంది, పైన మూత ఉంటుంది. అంతకుమించి అందులో ఏమీ లేదు.

బిగించిన రోజు సాయంత్రం వంటింటి కిటికీ దగ్గర నిలబడ్డాను. ఉడుత ఎప్పటిలాగే పరుగున వచ్చి స్తంభం ఎక్కి, నేరుగా గొట్టంలోకి దూరిపోయింది. కుచ్చుతోక మాత్రం బయటికి వేలాడుతోంది. రేకు మీద గోళ్లు గీరుకుంటున్న చప్పుడు నాకు ఇంట్లోకి వినిపించింది. కాసేపటికి తోక ముందు దిగింది, దాని వెనక ఉడుత. కింద కూర్చుని పైకి చూసింది. మళ్లీ ఎక్కింది, మళ్లీ మూత తగిలింది. మూడోసారి గొట్టం బయటి నుంచి ఎక్కబోయింది. నున్నటి రేకు మీద పట్టు దొరకలేదు. పైగా గొట్టం వదులుగా కూర్చుంటుంది కాబట్టి, చేయి వేయగానే ఊగింది. ఆ వారం చివరికి ఉడుతలు స్తంభం వైపు రావడమే మానేశాయి. కార్డినల్ పిట్టల జంట తొందర లేకుండా కూర్చుని గింజలు ఒలుచుకుంటుంటే నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు. కనబడినవాళ్లందరికీ కొనమని చెప్పాను.

ఆ మాటను ఇప్పుడు కొంచెం సవరించుకోవాలి.

ఇక్కడ అందరూ చెప్పే లెక్క ఒకటుంది: ఐదు, ఏడు, తొమ్మిది. గొట్టం మూతకు నేల నుంచి 5 అడుగుల ఎత్తు, చెట్టుకూ గోడకూ 7 అడుగుల దూరం, పైన వేలాడే కొమ్మకు 9 అడుగుల ఎడం. నేను టేపుతో కొలిచి మరీ పెట్టాను. 2021 ఫిబ్రవరి మొదట్లో పెద్ద మంచు తుఫాను వచ్చింది. మా ఊరు ఎడిసన్‌లో, మా పెరట్లో అడుగున్నర పైనే పడింది. ఫీడర్లు నింపడానికి వీలుగా మా ఆయన తలుపు నుంచి స్తంభం దాకా దారి తవ్వారు. తవ్విన మంచునంతా స్తంభం పక్కనే పోశారు. అప్పుడు మాకిద్దరికీ ఏమీ తోచలేదు. మర్నాడు పొద్దున చూస్తే గొట్టం మూత మీద ఉడుత కూర్చుని ఉంది.

అప్పుడు లెక్క వేసుకున్నాను. మూత నేల నుంచి 5 అడుగులు. మంచు పడ్డాక మూడున్నర. ఆ గుట్ట మీద నుంచైతే రెండున్నర కూడా లేదు. నిలుచున్న చోటు నుంచి 4 అడుగులు పైకి ఎగరగల ఉడుతకు అది ఒక మెట్టుతో సమానం. మధ్యాహ్నానికి నాలుగు చేరాయి. కార్డినల్ జంట కంచె మీద ఈకలు ఉబ్బించుకుని కూర్చుంది. వాటి పక్కన చికడీలనే చిన్న పిట్టలు రెండు. నేలంతా మంచు కప్పేసింది, వాటికి ఇంకెక్కడా తిండి లేదు. ఏడాది మొత్తంలో ఆ గింజలు పిట్టలకు నిజంగా అవసరమయ్యేది అలాంటి నాలుగు రోజులే. సరిగ్గా ఆ నాలుగు రోజులే గొట్టం పనికిరాలేదు. ఆ బాధ నాకు ఇంకా ఉంది.

స్తంభాన్ని జరుపుదామంటే నేల గడ్డకట్టి రాయిలా ఉంది. చేసేదిలేక ఆ గుట్టను బకెట్లతో ఎత్తి దూరంగా పోశాం, స్తంభం చుట్టూ మంచు తొక్కి అణిచాం. మార్చి చివర్లో స్తంభానికి మరో ముక్క కలిపి పొడవు పెంచి, మూతను ఆరడుగులకు చేర్చాం. ఇప్పుడు ఫీడర్ నింపాలంటే నాకు ముక్కాలిపీట కావాలి. నడుము నొప్పి ఉన్నవాళ్లు ఈ సంగతి ముందే ఆలోచించుకోవాలి.

గింజల విషయంలో కూడా ఒక మాట తగ్గించి చెప్పాలి. కుసుమ గింజలు పెడితే ఉడుతలు ముట్టవని మొదటి ఏడాది గట్టిగా చెప్పాను. వేరే తిండి దొరికినంత కాలం ముట్టవు, అంతే. వలిసెలు మాత్రం నన్ను నిరాశపరచలేదు. అవును, అరకులో పసుపు పచ్చగా పూసే ఆ వలిసెలే. ఇక్కడికి ఇండియా నుంచీ ఇథియోపియా నుంచీ వస్తాయి, మొలకెత్తకుండా వేడిచేసి అమ్ముతారు. న్యూజెర్సీ రాష్ట్ర పక్షి గోల్డ్‌ఫించ్‌కు అవంటే ప్రాణం, ఉడుతలకు పెద్దగా పట్టవు. కారం కలిపిన గింజలూ ఒక సంచి కొన్నాను. పిట్టలకు మిరప మంట తెలియదు. పండుమిరప ఒలుచుకు తినే చిలకలను చూసినవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. ఉడుతకు తెలుస్తుంది. కానీ గాలి రోజున నింపుతుంటే ఆ పొడి మా పాప కళ్లలో పడింది. ఆ సంచి మళ్లీ తెరవలేదు. స్తంభానికి గ్రీజు పూయమని ఎవరైనా చెబితే దయచేసి వినకండి. ఈకలకు అంటితే పిట్టకు చలి ఆగదు.

మా అమ్మ వచ్చినప్పుడు ఇక్కడి ఉడుతను చూసి, "దీని వీపు మీద చారలు లేవేమిటే, రాముడి చెయ్యి పడలేదా?" అని బాధపడింది. రోజూ స్తంభం కింద గుప్పెడు వేరుశనగలు వేసేది. ఆమె వెళ్లాక కూడా నేను వేస్తూనే ఉన్నాను. పైకి ఎక్కనివ్వకపోతే చాలు, వాటిని ఆకలితో ఉంచాలని నాకు లేదు.

ఐదేళ్లలో గొట్టానికి సొట్ట పడలేదు, అడుగంచున కొద్దిగా తుప్పు పట్టింది. గొట్టాన్ని స్తంభానికి పట్టి ఉంచే లోపలి క్లాంప్ స్క్రూ ఏటా వదులవుతుంది, అక్టోబరులో ఒకసారి బిగించుకోవాలి. మళ్లీ కొనాల్సి వస్తే ఇదే కొంటాను. అయితే మా పెరట్లో ఉన్నది ఒక్క మేపుల్ చెట్టు, అదీ 14 అడుగుల దూరంలో. అపార్ట్‌మెంట్ బాల్కనీకి ఇది దేనికీ పనికిరాదు. చెట్ల మధ్య ఇల్లున్నవాళ్లు ముందు టేపు తీసుకుని పెరట్లోకి వెళ్లండి. ఉడుత ఒక దూకులో 10 అడుగులు కూడా దాటేస్తుంది కాబట్టి, 7 అడుగులతో ఆగకుండా ఆ 10 అడుగుల కంటే ఎడం ఉన్న చోటు దొరికితేనే కొనండి.