టైనీఎఫ్‌పీజీఏ బీఎక్స్, నాలుగేళ్లు వాడాక: ముఖ్యంగా దాని బూట్‌లోడర్ గురించి

నాలుగేళ్లుగా నా టేబుల్ మీదున్న ఎఫ్‌పీజీఏ బోర్డు ఇది, అంటే లోపలి సర్క్యూట్‌ని మనమే రాసి మార్చుకోగలిగే చిప్ ఉన్న బోర్డు. లాటిస్ ఐస్40 ఎల్‌పీ8కే చిప్, 7,680 లాజిక్ సెల్స్, 16 మెగాహెర్ట్జ్ క్లాక్, వేలెడంత ఉంటుంది. ఇంతకంటే పెద్దవి కూడా కొన్నా, అయినా మళ్లీ మళ్లీ దీని దగ్గరికే వస్తున్నానంటే కారణం బూట్‌లోడరే, అంటే పవర్ ఇవ్వగానే ముందుగా లేచి మన డిజైన్‌ని ఎక్కించుకునే భాగం.

ఇందులో బూట్‌లోడర్ అంటే ప్రోగ్రాం కాదు, అదే ఒక సర్క్యూట్. పవర్ ఇవ్వగానే ఫ్లాష్ మెమరీ మొదట్లో ఉన్న బిట్‌స్ట్రీమ్ (సర్క్యూట్ ఎలా ఉండాలో చెప్పే డేటా) చిప్‌లోకి వస్తుంది, విడిగా యూఎస్‌బీ చిప్ లేదు కాబట్టి ఆ పని కూడా లాజిక్‌తోనే చేసుకుంటుంది, ఎల్ఈడీ మెల్లగా వెలిగి ఆరుతూ ఉంటుంది. కంప్యూటర్‌లో టైనీప్రోగ్ అనే టూల్‌తో పంపిన మన డిజైన్ ఫ్లాష్‌లో హెక్స్ 28000 అడ్రస్ దగ్గర కూర్చుంటుంది. బూట్ చెయ్యమనగానే వార్మ్‌బూట్ అనే బ్లాక్‌కి సిగ్నల్ వెళ్లి చిప్ మొత్తం మన డిజైన్‌తో మళ్లీ నిండిపోతుంది, బూట్‌లోడర్ ఆనవాలు కూడా ఉండదు, సెల్స్ అన్నీ మనవే. నాకు బాగా నచ్చింది ఇదే.

కంప్యూటర్‌కి తగిలించి ఉంటే మాత్రం బూట్ కమాండ్ ఇచ్చేదాకా కదలదు. పవర్ బ్యాంక్‌కి పెడితే అవతల పలికేవాళ్లు లేరని కొన్ని సెకన్లు చూసి తనే మన డిజైన్‌ని లేపుతుంది. ఇది తెలియక మొదట్లో ఒక సాయంత్రమంతా పోయింది, బోర్డు అసలు కంప్యూటర్‌లో కనిపించట్లేదు, చివరికి చూస్తే అది ఛార్జింగ్ కేబుల్, డేటా వైర్లే లేవు! ఇప్పుడు అదే కేబుల్ దాచుకుని వాడుతున్నా, ల్యాప్‌టాప్ నుంచి పవర్ తీసుకుంటూ డిజైన్ తనంతట తనే మొదలవ్వాలంటే అంతకంటే తేలిక దారి లేదు.

పికోసాక్ అనే రెడీమేడ్ ప్రాసెసర్ డిజైన్ పెడితే ఇంకో మెట్టు. చిప్‌లో రిస్క్-ఫైవ్ రకం ప్రాసెసర్ తయారయ్యాక సీ ప్రోగ్రాం హెక్స్ 50000 నుంచి, ఫ్లాష్‌లోంచే నేరుగా నడుస్తుంది. ఫ్లాష్ చదివే భాగం నేనే రాసుకుందామని కూర్చుంటే రెండు వారాంతాలు చదివిందల్లా చెత్తే, ఎందుకంటే కాన్ఫిగరేషన్ (డిజైన్ చిప్‌లోకి ఎక్కడం) అయిపోగానే ఐస్40 ఫ్లాష్‌ని నిద్రపుచ్చేస్తుంది, ముందు హెక్స్ ఏబీ కమాండ్ పంపి లేపాలి. పికోసాక్‌లో ఆ పని ముందే రాసిపెట్టి ఉంది, నేనే సరిగ్గా చదవలేదు. అలాగే డిజైన్ మొదలైన మొదటి 3 మైక్రోసెకన్ల పాటు చిప్ లోపలి మెమరీ అయిన బ్లాక్ ర్యామ్‌లో మనం పెట్టిన విలువలు రావు, సున్నాలే వస్తాయి, అందుకే రీసెట్‌ని కొన్ని డజన్ల క్లాకులు పట్టి ఉంచే కౌంటర్ తప్పనిసరి.

ఎంత తప్పు డిజైన్ ఎక్కించినా రీసెట్ బటన్ నొక్కితే బూట్‌లోడర్ వచ్చి కూర్చుంటుంది, నాలుగేళ్లలో ఒక్కసారి కూడా రాకుండా పోలేదు, వెరిలాగ్ (సర్క్యూట్లు రాసే భాష) కొత్తగా నేర్చుకునేవాళ్లకి ధైర్యంగా చెప్తున్నా. మీ డిజైన్‌లో యూఎస్‌బీ పుల్-అప్ పిన్‌ని (పరికరం తగిలిందని కంప్యూటర్‌కి చెప్పే పిన్) మాత్రం సున్నాకి కట్టడం మర్చిపోకండి, లేదంటే అక్కడ లేని యూఎస్‌బీ పరికరం ఉందనుకుని కంప్యూటర్ ఎర్రర్ చూపించొచ్చు.