అయిదేళ్లు, 62 వేల కిలోమీటర్లు: వీల్ అలైన్‌మెంట్‌తో నా అనుభవం

ఉండేది హనుమకొండలో, వారానికి ఒకటి రెండుసార్లు భూపాలపల్లి పోయి రావాలి. బొగ్గు లారీలు తిరిగే దారి, గుంతల సంగతి వేరే చెప్పక్కర్లేదు. నాది చిన్న పెట్రోల్ కారు. 5 వేల కిలోమీటర్లకోసారి అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు కొలిచి సరిచేయడం) చేయించమని అందరూ అంటే చేయిస్తూనే ఉన్నాను, ఇప్పటికి పన్నెండుసార్లయినా అయ్యుంటుంది.

మొదట్లో అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ రెండూ ఒకటే అనుకునేవాణ్ణి, బిల్లు ఒకటే కదా మరి. వేగం 80 దాటాక స్టీరింగ్ వణికితే ముందు చూడాల్సింది బ్యాలెన్సింగ్, రిమ్ముకు చిన్న బరువులు తగిలించే పని. బండి ఒక పక్కకు గుంజుతున్నా, నేరుగా పోతుంటే స్టీరింగ్ వంకరగా ఉన్నా అలైన్‌మెంట్ చూడాలి, అదీ టైర్లలో గాలి సరిచూసుకున్నాకే. వాన నీళ్లు పోవాలని రోడ్డును అంచుకు వాలుగా వేస్తారు కాబట్టి బండి కొంచెం ఎడమకు పోవడం మామూలే. అది తెలియక రెండుసార్లు డబ్బులు తగలేశాను.

అసలు దెబ్బ 38 వేల కిలోమీటర్ల దగ్గర తగిలింది. పంక్చరైందని ముందు ఎడమ చక్రం విప్పితే టైరు లోపలి అంచు తీగలు కనబడేదాకా అరిగిపోయి ఉంది, బయట నుంచి చూస్తే మాత్రం ఇంకో ఏడాది వచ్చేలా ఉంది! రెండు నెలల ముందే 3డీ మిషన్ (కెమెరాలతో చక్రాల కోణాలు కొలిచేది) మీద అలైన్‌మెంట్ చేయించాను, కాగితంలో అంకెలన్నీ పచ్చగానే, అంటే హద్దులోనే వచ్చాయి. ములుగు రోడ్డులో ఒక పాత మెకానిక్ బండి లేపి, కింద లీవర్ పెట్టి ఆడించి, "మిషన్ తప్పు కాదు సార్, లోయర్ ఆర్మ్ బుష్ పోయింది" అన్నాడు. చక్రాన్ని కింద నుంచి బండికి పట్టి ఉంచే చేయి లోయర్ ఆర్మ్, అది బిగించే చోట ఉండే రబ్బరు ముక్క బుష్. మిషన్ కొలిచేది నిలబడ్డ బండిని. రబ్బరు బుష్ చినిగితే బ్రేకు కొట్టిన ప్రతిసారీ చక్రం జరుగుతుంది, కాగితం మీది అంకె అక్కడే ఉండిపోతుంది. కాబట్టి బుష్‌లు, బాల్ జాయింట్లు (చక్రం అటూ ఇటూ తిరగనిచ్చే గుండ్రటి కీళ్లు), టై రాడ్ ఎండ్లు (స్టీరింగ్‌ను చక్రానికి కలిపే కడ్డీల కొసలు) చూడకుండా నేరుగా మిషన్ ఎక్కించే చోటికి నేను మళ్లీ పోలేదు.

ఇంకోటి. కాగితంలో టో, కేంబర్, కేస్టర్ అని మూడు ఉంటాయి. టో అంటే పైనుంచి చూసినప్పుడు చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం. కేంబర్ అంటే ఎదురుగా నిలబడి చూస్తే చక్రం వాలు. కేస్టర్ అంటే పక్క నుంచి చూస్తే చక్రం ఏ ఇరుసు మీద మలుపు తిరుగుతుందో దాని వాలు, మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతటదే వెనక్కి వచ్చేది ముఖ్యంగా దీనివల్లే. నా కారులాంటి చాలా చిన్న కార్లలో టై రాడ్ తిప్పి సరిచేసేది ముందు చక్రాల టో ఒక్కటే. "మూడూ సెట్ చేశాం సార్" అంటే నవ్వొస్తుంది. కేంబర్ ఎర్రగా చూపిస్తే ఏదో వంగిందనో అరిగిందనో అనుమానించాలి.

ఇప్పుడున్న ముందు టైర్లు 24 వేలు తిరిగాయి, లోపలా బయటా గాడి లోతు దాదాపు ఒక్కటే. వెనక కుడి పక్క మాత్రం ఈ మధ్య గరగర మంటోంది, బేరింగేమో, ఆదివారం చూపించాలి.