బాత్రూం కింద పైపు పగిలితే: ఫ్లోర్ తవ్వాలా, కింద నుంచి కొత్త లైన్ వేయాలా?

కింది ఫ్లాట్ సీలింగ్‌లో చెమ్మ కనిపించగానే టైల్స్ పగలగొట్టించకండి. ముందు నహానీ ట్రాప్‌లో (ఫ్లోర్ మీది నీళ్లు దిగే జాలీ కింది గిన్నె) గుడ్డ గట్టిగా కుక్కి, ఫ్లోర్ మీద అంగుళం నీళ్లు నిలిపి ఒక రోజంతా చూడండి. తడి పెరిగితే లోపం వాటర్‌ప్రూఫింగ్‌లో ఉన్నట్టు. గుడ్డ తీసి నీళ్లు వదిలాకే కారితే ట్రాప్‌నో పైపునో అనుమానించాలి.

పైపే అని తేలితే, ఫ్లోర్ తవ్వడం మొదటి దారి. టైల్స్, కింద నింపిన ఇటుక ముక్కలు అన్నీ తీసి, చెడిన ముక్క కోసి కొత్త పీవీసీ వేస్తారు. దుమ్ము, చప్పుడు, ఖర్చు తప్పవు. వాటర్‌ప్రూఫింగ్ మళ్లీ మొదటి నుంచి చేయాలి, అన్ని రోజులూ బాత్రూం వాడలేరు. కానీ సిమెంటు పూసి సరిపెట్టిన పాత జాయింట్ కళ్లారా కనబడుతుంది. పూడ్చేముందు నీళ్లు పోసి పరీక్షించుకోవచ్చు కూడా.

రెండోది, స్లాబ్‌కి కోర్ కటింగ్ (మెషీన్‌తో గుండ్రంగా కన్నం కోయడం) చేసి 75 ఎంఎం పైపును కింది సీలింగ్‌కి క్లాంపులతో బిగించడం. త్వరగా అయిపోతుంది, రేపు లీకైనా చెయ్యి అందుతుంది. మీటరుకు రెండున్నర సెంటీమీటర్ల వాలు ఇవ్వండి. బీమ్ జోలికి మాత్రం అస్సలు వెళ్లనివ్వొద్దు, స్లాబ్ స్టీలు ఎక్కడుందో చూడకుండా కోయనివ్వొద్దు. కింది వాళ్ల ఒప్పుకోలూ కావాలి.

రెండు అంతస్తులూ మీవే అయితే, వాటర్‌ప్రూఫింగ్ బాగుంటే, నా ఓటు రెండోదానికే. అదీ పాతబడిందంటే తవ్వించండి.