హాట్ రాడ్ చూడాలా, స్టాక్ కార్ చూడాలా?

బ్రిటన్‌లో చిన్న ఓవల్ ట్రాక్ రేసులకు వెళ్తే, రెండు రకాల ఆటలు కనిపిస్తాయి. బ్రిస్కా (బ్రిటిష్ స్టాక్ కార్ సంఘం) వాళ్ల ఫార్ములా 1 అనే తరగతి స్టాక్ కార్లకు ముందూ వెనకా ఉక్కు బంపర్లు, లోపల ఎనిమిది సిలిండర్ల భారీ వీ8 ఇంజన్. ముందున్న కారు దారి ఇవ్వకపోతే గుద్ది పక్కకు నెట్టేయొచ్చు, అది రూల్ ప్రకారమే. 1954లో లండన్‌లోని న్యూ క్రాస్‌లో మొదలైన సంప్రదాయం ఇది. కొత్తవాళ్ల కారుకు తెల్ల టాప్ (పైకప్పు), ఆరితేరినవాళ్లకు ఎర్ర టాప్, వరల్డ్ ఛాంపియన్‌కు బంగారు రంగు. ఎర్ర టాప్‌ల వాళ్లు వెనక నుంచి బయల్దేరాలి. అందుకే మొదటిసారి చూసేవాళ్లకు కూడా కథ ఇట్టే అర్థమైపోతుంది.

నేషనల్ హాట్ రాడ్స్ పద్ధతే వేరు. పైకి మామూలు హ్యాచ్‌బ్యాక్‌లా ఉన్నా లోపలంతా రేసు కారే. కావాలని ఢీకొట్టడం నిషేధం. లోపలి లైను ముందున్నవాడిదైతే, వెనకవాడు బయటి వైపు నుంచే రావాలి. రెండు కార్లు అద్దాలు రాసుకునేంత దగ్గరగా పక్కపక్కనే ల్యాపులు తిరుగుతుంటే, ఆ టెన్షన్ ముందు గుద్దులాట ఏపాటిది? ఇంగ్లండ్‌లోని ఇప్స్‌విచ్‌లో జరిగే వరల్డ్ ఫైనల్‌కైతే మరీను.

పిల్లలతో వెళ్తే స్టాక్ కార్లే సరదా. డ్రైవింగ్ పనితనం చూడాలంటే మాత్రం నా ఓటు హాట్ రాడ్స్‌కే.