హెడ్‌ఫోన్స్, 5.1 స్పీకర్లు రెండూ ఉంటే: మదర్‌బోర్డ్ సౌండే చాలా, కార్డ్ కొనాలా, యూఎస్‌బీ డాంగిల్ మేలా?

పోయిన సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు రాత్రి అందరూ పడుకున్నాక నాన్న మా పీసీలో సినిమా పెట్టుకుని, ఎవరికీ డిస్టర్బ్ కాకూడదని వెనకాల స్పీకర్ల పచ్చ వైరు పీకేసి అదే జాక్‌లో హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నారు. ఐదు నిమిషాలకే నన్ను లేపి "ఏరా, మ్యూజిక్ వస్తుంది, ఫైటింగ్ సౌండ్లొస్తున్నాయి, మాటలు మాత్రం ఎక్కడో బావిలోంచి వచ్చినట్టున్నాయిరా" అన్నారు. సినిమా ఫైల్‌లో లోపం లేదు, హెడ్‌ఫోన్స్ కూడా బానే ఉన్నాయి. విండోస్‌లో 5.1 (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌ఊఫర్, మొత్తం ఆరు ఛానెళ్ళు) అని సెట్ చేసి ఉంది, 5.1 సౌండ్‌ట్రాక్‌లో డైలాగ్ దాదాపు మొత్తం సెంటర్ స్పీకర్‌కే వెళ్తుంది, ఆ సెంటర్ బయటికొచ్చేది ఆరెంజ్ జాక్‌లోంచి, పచ్చ జాక్‌లో ముందు ఎడమ, ముందు కుడి మాత్రమే ఉంటాయి. అంటే నాన్న విన్నది సినిమాలో సగం కూడా కాదు.

ఈ పోలిక రాయాలనిపించింది అందుకే. ఎక్కడ చూసినా "ఏ కార్డ్ సౌండ్ బాగుంటుంది" అనే మాట్లాడతారు, హెడ్‌ఫోన్స్, స్పీకర్లు రెండూ వాడే ఇంట్లో మాత్రం ముందు చూడాల్సింది అది కాదని నా అభిప్రాయం. విండోస్‌కి ఆ రెండూ రెండు వేరు వేరు డివైజ్‌లుగా కనపడుతున్నాయా, లేక ఒకే డివైజ్‌ని రెండూ పంచుకుంటున్నాయా అన్నదే ముందు తేల్చుకోవాలి. వేరుగా ఉంటే ఒకదాన్ని 5.1గా, ఇంకోదాన్ని స్టీరియోగా ఒక్కసారి సెట్ చేసి వదిలేయొచ్చు, స్టీరియో డివైజ్‌కి వెళ్ళేటప్పుడు ఆరు ఛానెళ్ళనీ రెండుగా కలిపి పంపే పని విండోసో ప్లేయరో చూసుకుంటుంది, డైలాగ్ ఎక్కడికీ పోదు.

మదర్‌బోర్డ్‌లో ఉన్న సౌండ్

ఇది మీకు ఆల్రెడీ ఉంది కాబట్టి దీంతోనే మొదలుపెట్టాలి. వెనకాల రంగురంగుల జాక్‌లు ఉంటాయి కదా, ఆ రంగుల్లో చాలావరకు 1999 నాటి పీసీ 99 స్పెక్ (పీసీల తయారీకి పెట్టిన నియమాలు) నుంచి వచ్చినవి, ఇప్పటికీ అవే: పచ్చది ముందు స్పీకర్లకి, నల్లది వెనక స్పీకర్లకి, ఆరెంజ్ సెంటర్‌కీ సబ్‌ఊఫర్‌కీ, నీలం లైన్ ఇన్, పింక్ మైక్. మూడు జాక్‌లే ఉన్న బోర్డ్ అయితే కంగారు పడొద్దు, చాలా రియల్‌టెక్ చిప్‌లు (బోర్డ్ మీద సౌండ్ చూసుకునేవి) నీలాన్ని వెనక స్పీకర్లకి, పింక్‌ని సెంటర్, సబ్‌కి మార్చుకోగలవు, వైరు గుచ్చగానే "ఇది ఏంటి" అని అడిగే విండోలో కరెక్ట్‌గా చెప్పాలి అంతే. అప్పుడు మైక్‌కి క్యాబినెట్ ముందున్న జాక్ ఒక్కటే మిగులుతుంది, అది గుర్తుంచుకోండి. కొత్త బోర్డుల్లో కొన్నిటికి వెనక రెండే జాక్‌లు ఇస్తున్నారు, 5.1 స్పీకర్లు ఉన్నవాళ్ళు బోర్డ్ కొనేముందు ఆ ఫొటో చూసుకోవడం చాలా అవసరం.

మన ఇళ్ళల్లో నేను చాలా చోట్ల చూసింది ఇంకోటుంది. 5.1 స్పీకర్ల సెట్ కొంటారు, పీసీకి మాత్రం ఒక్క పచ్చ వైరే పెడతారు, లేదంటే బ్లూటూత్‌లో కనెక్ట్ చేస్తారు. ఐదు స్పీకర్లలోంచీ సౌండ్ వస్తుంది కాబట్టి సరౌండ్ వస్తుందనుకుంటారు. వచ్చేది అదే స్టీరియో, అన్ని బాక్సుల్లోకీ కాపీ అవుతుంది. పాటలు వినే బ్లూటూత్ కనెక్షన్ కూడా రెండు ఛానెళ్ళదే. నిజమైన 5.1 కావాలంటే మూడు స్టీరియో వైర్లూ పెట్టాల్సిందే, బాక్స్‌లో ఒకటే ఇస్తే బయట మూడున్నర ఎంఎం వైర్లు దొరుకుతాయి, నేను సికింద్రాబాద్ సీటీసీలో (కంప్యూటర్ సామాన్ల మార్కెట్) కొనుక్కున్నా.

వైర్లు పెట్టాక విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కి ఎంఎంసిస్ డాట్ సీపీఎల్ అని కొట్టండి (ఇంగ్లీష్ చిన్న అక్షరాల్లో ఎం, ఎం, ఎస్, వై, ఎస్, చుక్క, సీ, పీ, ఎల్), పాత సౌండ్ విండో వస్తుంది, అందులో స్పీకర్స్ మీద కాన్ఫిగర్ నొక్కి 5.1 సరౌండ్ ఎంచుకుని ఒక్కో స్పీకర్‌నీ టెస్ట్ చేయండి. సెంటర్ నొక్కితే సబ్‌ఊఫర్ గుర్రుమంటుంటే వైర్ తప్పు అనుకుని పీకొద్దు, కొన్ని స్పీకర్ సెట్లలో ఆ రెండూ తారుమారుగా ఉంటాయి, రియల్‌టెక్ సాఫ్ట్‌వేర్‌లో సెంటర్, సబ్ మార్చే ఆప్షన్ ఉంటుంది. శాంపుల్ రేట్ (సెకనుకి సౌండ్‌ని ఎన్నిసార్లు కొలుస్తారో ఆ లెక్క) 48,000 హెర్ట్జ్ పెట్టండి, సినిమాల సౌండ్ ఆ రేటులోనే ఉంటుంది, 1,92,000 పెట్టడం వల్ల ఒరిగేదేం లేదు. లినక్స్ వాళ్ళకి పల్స్ ఆడియో వాల్యూమ్ కంట్రోల్‌లో కాన్ఫిగరేషన్ ట్యాబ్‌లో అనలాగ్ సరౌండ్ 5.1 అనే ప్రొఫైల్ ఉంటుంది, అది ఎంచుకుంటే చాలు.

ఇక హెడ్‌ఫోన్స్. మామూలుగా ముందు జాక్‌లో గుచ్చగానే వెనకవి ఆగిపోతాయి, రెండూ ఒకే డివైజ్. కానీ రియల్‌టెక్ సాఫ్ట్‌వేర్‌లో డివైజ్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్ అని చిన్నగా ఉంటుంది, దాంట్లో ముందు జాక్‌కీ వెనక జాక్‌లకీ వేరు వేరు సౌండ్ పంపించమనే ఆప్షన్ ఉంటుంది. అది పెడితే విండోస్‌లో రియల్‌టెక్ సెకండ్ అవుట్‌పుట్ అని కొత్త డివైజ్ వస్తుంది, అదే మీ హెడ్‌ఫోన్స్. పైసా ఖర్చు లేకుండా అసలు సమస్య తీరిపోయింది. చాలామంది ఈ ఆప్షన్ చూడకుండానే కార్డ్ కొనేస్తారు, నాకు నిజంగా బాధేస్తుంది. అన్ని బోర్డుల్లో ఇది ఉండదు, కొన్ని కంపెనీలు దాచేస్తాయి, అది వేరే విషయం.

మరి దీంట్లో లోటేంటంటే ముందు జాక్. ఆ వైరు క్యాబినెట్ లోపల గ్రాఫిక్స్ కార్డ్ పక్కనుంచి మదర్‌బోర్డ్ అడుగు దాకా వెళ్తుంది, కొన్ని పీసీల్లో మౌస్ కదిపితే, గేమ్ లోడ్ అయితే జీ అని సన్నటి శబ్దం వినిపిస్తుంది. 250, 300 ఓమ్‌ల (ఓమ్‌లు పెరిగేకొద్దీ నడపడం సాధారణంగా కష్టం) స్టూడియో హెడ్‌ఫోన్స్ అయితే వాల్యూమ్ చాలకపోవచ్చు కూడా. మామూలు 32 ఓమ్‌ల వాటికి ఆ ఇబ్బంది ఉండదు.

లోపల పెట్టే సౌండ్ కార్డ్

ఒకప్పుడు సౌండ్ కార్డ్ లేని పీసీ అంటే బీప్ మని తప్ప ఏమీ వినపడని పీసీ, సింగపూర్ కంపెనీ క్రియేటివ్ 1989లో సౌండ్ బ్లాస్టర్ తెచ్చాకే చాలామంది పీసీల్లో నిజమైన సౌండ్ వినడం మొదలైంది. గేమ్‌లలో సౌండ్ లెక్కలన్నీ కార్డే చేసేది. 2007లో విండోస్ విస్టా వచ్చి హార్డ్‌వేర్ డైరెక్ట్‌సౌండ్ (గేమ్ సౌండ్ పనిని నేరుగా కార్డ్‌కి అప్పగించే) దారి మూసేశాక ఆ లెక్కలన్నీ ప్రాసెసర్ మీదకి వచ్చేశాయి, కార్డ్‌కి మిగిలింది మంచి డాక్ (డిజిటల్ సౌండ్‌ని అనలాగ్‌గా మార్చేది), మంచి హెడ్‌ఫోన్ యాంప్ (సౌండ్ బలం పెంచేది), సాఫ్ట్‌వేర్, అంతే. కాగితం మీద అంకెలు (అసలు సౌండ్‌కీ వెనకాల రొదకీ మధ్య తేడా) చూస్తే సౌండ్ బ్లాస్టర్ జెడ్‌కి 116 డెసిబెల్స్, ఏఈ-5కి 122 డెసిబెల్స్ అని రాస్తారు, మంచి మదర్‌బోర్డుల్లో వచ్చే రియల్‌టెక్ ఏఎల్‌సీ 1220కి కూడా 120 రాస్తారు. చిప్ అంకె వేరు, బోర్డ్ మీద పెట్టాక వచ్చే ఫలితం వేరు, ఒప్పుకుంటా, కానీ కొన్ని వేలు పోసేంత తేడా నాన్న చూసే సినిమాలో వినపడుతుందా అంటే నాకైతే వినపడలేదు.

దీంట్లో నిజంగా నచ్చేది ఒకటుంది. హెడ్‌ఫోన్స్‌కీ స్పీకర్లకీ మధ్య సాఫ్ట్‌వేర్‌లో ఒక్క బటన్, నొక్కగానే లోపల టిక్ మని రిలే (చిన్న స్విచ్) మారి, 5.1 నుంచి స్టీరియోకి సెట్టింగ్ దానంతటదే మారిపోతుంది. నాన్నకి జరిగింది దీంతో జరగదు, వైర్లు పీకనంత వరకు. కానీ విండోస్‌కి ఇది సాధారణంగా ఒకటే డివైజ్, కాబట్టి స్పీకర్లలో పాట నడుస్తుండగా హెడ్‌ఫోన్స్‌లో ఆఫీస్ కాల్ అంటే కుదరదు. ఇంకా, కార్డ్ పెట్టే చిన్న స్లాట్ చాలా బోర్డుల్లో గ్రాఫిక్స్ కార్డ్ కింద ఇరుక్కుని ఉంటుంది, ఇప్పటి లావు కార్డులు దాన్ని పూర్తిగా కప్పేస్తాయి. కొనేముందు క్యాబినెట్ తెరిచి చూడండి.

ఎవరికి మేలంటే, వెనక జాక్‌లు చాలని బోర్డ్ ఉండి, అనలాగ్ 5.1 స్పీకర్లు ఉండి, పెద్ద ఓమ్‌ల హెడ్‌ఫోన్స్ కూడా ఉన్నవాళ్ళకి. ఏఈ-5 లాంటివి 600 ఓమ్‌ల దాకా నడుపుతాయి.

స్పీకర్లు బోర్డ్‌కి, హెడ్‌ఫోన్స్ యూఎస్‌బీకి

నేను చివరికి చేసింది ఇదే, అడిగినవాళ్ళకి చెప్పేది కూడా ఇదే. మూడు వైర్లూ మదర్‌బోర్డ్‌లో శాశ్వతంగా ఉండిపోతాయి, అది 5.1. హెడ్‌ఫోన్స్‌కి ఒక చిన్న యూఎస్‌బీ డాక్, అది స్టీరియో. ఆపిల్ వాళ్ళ ఫోన్ డాంగిల్, టైప్ సీ నుంచి మూడున్నర ఎంఎంకి మార్చేది, విండోస్‌లో కూడా పనిచేస్తుంది, వెయ్యి రూపాయల చుట్టుపక్కల దొరికే వస్తువుకి దాని సౌండ్ చాలా శుభ్రంగా ఉంటుంది, హెడ్‌సెట్ మైక్ కూడా పట్టుకుంటుంది. పీసీకి టైప్ సీ లేకపోతే చిన్న కన్వర్టర్ కావాలి. పచ్చ, పింక్ రెండు పిన్నులున్న హెడ్‌సెట్ అయితే రెండిటినీ ఒకటి చేసే జాయింట్ వైరు కావాలి. పెద్ద ఓమ్‌ల హెడ్‌ఫోన్స్‌కి మాత్రం ఇది చాలదు, యాంప్ ఉన్న డాక్ తీసుకోవాలి.

క్యాబినెట్ లోపలి జీ శబ్దం కూడా దీంతో చాలావరకు పోతుంది, డిజిటల్ నుంచి అనలాగ్‌కి మారేది బయటే కాబట్టి. విండోస్ 11లో విండోస్, కంట్రోల్, వీ కలిపి నొక్కితే డివైజ్‌ల లిస్ట్ వస్తుంది, అక్కడ మార్చేస్తే అయిపోతుంది, నాన్న కూడా నేర్చేసుకున్నారు. ఇంకో లాభం, పాత సౌండ్ విండోలో స్పీకర్లని డిఫాల్ట్ డివైజ్‌గా, డాక్‌ని డిఫాల్ట్ కమ్యూనికేషన్ డివైజ్‌గా పెట్టేస్తే చాలా కాల్ యాప్‌ల మాటలు హెడ్‌ఫోన్స్‌లోకి, మిగతావన్నీ స్పీకర్లలోకి వెళ్తాయి. 2018 నుంచి విండోస్ 10లో కూడా ఒక్కో యాప్‌కి ఒక్కో డివైజ్ ఎంచుకోవచ్చు.

సరౌండ్ ఫీలింగ్ హెడ్‌ఫోన్స్‌లో కావాలంటే 2017 నుంచి విండోస్‌తో ఫ్రీగా వస్తున్న విండోస్ సోనిక్ ఉంది, డాల్బీ అట్మాస్ ఫర్ హెడ్‌ఫోన్స్‌కి డబ్బులు కట్టాలి. ఏదైనా ఒకచోటే ఆన్ చేయండి. గేమ్‌లో ఒకటి, విండోస్‌లో ఒకటి, హెడ్‌సెట్ సాఫ్ట్‌వేర్‌లో ఇంకోటి పెట్టేస్తే సౌండ్ బాత్రూమ్‌లో పాడినట్టు మోగుతుంది. పాటలకైతే ఆపేయండి, అవి రెండు ఛానెళ్ళకే మిక్స్ చేసినవి.

ఒక్క జాగ్రత్త. "7.1 ఛానెల్" అని రాసి కొన్ని వందల రూపాయలకి అమ్మే చిన్న యూఎస్‌బీ ముక్కలున్నాయి, నేనూ ఒక షాపులో లాప్‌టాప్‌కి 5.1 స్పీకర్లు పెట్టొచ్చని చెప్తే నమ్మి తీసుకున్నా, ఇంటికొచ్చి చూస్తే ఒక హెడ్‌ఫోన్ రంధ్రం, ఒక మైక్ రంధ్రం. అది సాఫ్ట్‌వేర్‌లో సృష్టించే 7.1. రంధ్రాలు లెక్కపెట్టండి, 5.1 అనలాగ్‌కి కనీసం మూడు అవుట్‌పుట్ జాక్‌లు ఉండాలి, లేకపోతే అది స్టీరియోనే. లాప్‌టాప్ వాళ్ళకి నిజంగా ఆరు ఛానెళ్ళు ఇచ్చే యూఎస్‌బీ బాక్సులు వేరే ఉన్నాయి, సీఎం6206 చిప్‌తో వచ్చేవి ఆ రకమే.

ఆప్టికల్, హెచ్‌డీఎంఐ

ఆప్టికల్ వైరు చూడ్డానికి మోడ్రన్‌గా ఉంటుంది కానీ దాంట్లో పట్టేది మామూలు పీసీఎం (కుదించని డిజిటల్ సౌండ్) అయితే రెండు ఛానెళ్ళే, 5.1 వెళ్ళాలంటే డాల్బీ డిజిటల్, డీటీఎస్ లాగా కుదించి పంపాలి. సినిమా ఫైల్‌లో ఆ ట్రాక్ ఉంటే ప్లేయర్ నేరుగా పంపేస్తుంది, లాజిటెక్ జెడ్906 లాంటి 5.1 స్పీకర్ల సెట్ దాన్ని విప్పుకుంటుంది, బాగుంటుంది. గేమ్ సౌండ్ అలా కాదు, అప్పటికప్పుడు పుడుతుంది, దాన్ని అప్పటికప్పుడు కుదించడానికి డాల్బీ డిజిటల్ లైవ్ లాంటిది ఉండాలి, అది మీ బోర్డ్‌తో రాకపోతే గేమ్ స్టీరియోలోనే వినాలి. జెడ్906కి మూడు అనలాగ్ వైర్లు కూడా పెట్టొచ్చు, గేమర్లకి అదే మేలు.

హెచ్‌డీఎంఐ అయితే ఎనిమిది ఛానెళ్ళు కుదించకుండా వెళ్తాయి, సౌండ్ పరంగా దీనికి వంక పెట్టలేం. కానీ ఏవీ రిసీవర్ (సౌండ్ అందుకుని స్పీకర్లని నడిపే పెట్టె) కావాలి, విడి స్పీకర్లు కావాలి, హాల్‌లో హోమ్ థియేటర్ ఉన్నవాళ్ళ సంగతి ఇది. రిసీవర్ విండోస్‌కి ఇంకో మానిటర్‌లాగా కనపడుతుంది, మౌస్ కనిపించని స్క్రీన్‌లోకి వెళ్ళిపోతుంటే డిస్‌ప్లేని డూప్లికేట్‌లో పెట్టండి. టీవీకి పెట్టి అక్కడ్నుంచి ఏఆర్‌సీ (టీవీ సౌండ్‌ని హెచ్‌డీఎంఐ వైర్లోనే రిసీవర్‌కి పంపే పద్ధతి) మీద రిసీవర్‌కి పంపితే ఆరు ఛానెళ్ళ పీసీఎం రాదు, దాని కొత్త రకం ఈఏఆర్‌సీ ఉండాలి. హెడ్‌ఫోన్స్‌కి మాత్రం అప్పుడూ ఆ డాంగిలే.

ఏది పెట్టినా స్పీకర్లు పెట్టే చోటు సరిగ్గా లేకపోతే ఈ ఖర్చంతా దండగ. ముందువి మీ ఎదురుగా ఉన్న గీత నుంచి చెరో 30 డిగ్రీలు, వెనకవి 110 డిగ్రీలు, అంటే పూర్తిగా వీపు వెనక కాదు, చెవులకి కొంచెం వెనగ్గా పక్కలకి. మా ఇంట్లో మొదట్లో నాలుగూ టేబుల్ మీదే వరసగా ఉండేవి. వెనక రెండిటి వైర్లు పొడిగించి మంచం అటూ ఇటూ పెట్టాక, సినిమాలో వాన పడుతుంటే నాన్న లేచి కిటికీ వేయడానికి వెళ్ళారు.