పాత హెచ్‌డీవీ టేపు కెమెరా: జడ్1 మేలా, హెచ్‌వీ30 మేలా?

విశాఖపట్నంలో పెళ్లి వీడియోలు తీసేవారు మెమరీ కార్డులకు మారిన తరువాత మూలనపడిన టేపు కెమెరాను చవకగా కొనదలచినవారు, 2005 నాటి సోనీ హెచ్‌వీఆర్-జడ్1ను, 2008 నాటి కెనన్ హెచ్‌వీ30ని పక్కపక్కన పెట్టి చూడటం మంచిది. రెండూ హెచ్‌డీవీ రకమే, అంటే చిన్న మినీ డీవీ క్యాసెట్టు మీదే 1440×1080 హై డెఫినిషన్ చిత్రాన్ని సెకనుకు 25 మెగాబిట్ల వేగంతో రాస్తాయి కాబట్టి, తేడాను యంత్రంలోనే వెతకాలి.

జడ్1లో మూడు సీసీడీలు (వెలుగును చిత్రంగా మార్చే సెన్సర్ చిప్పులు), వృత్తి మైకులు తగిలించే రెండు ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్లు ఉంటాయి. బరువు మాత్రం సుమారు రెండు కిలోలు. హెచ్‌వీ30 అరకిలోకు కాస్త ఎక్కువ తూగుతుంది, హెచ్‌డీఎంఐతో నేరుగా టీవీకి కలుస్తుంది. అయితే దానిలోని ఒకే ఒక్క సీమాస్ అనే మరో రకం సెన్సర్ చిత్రాన్ని వరుసలు వరుసలుగా చదువుతుంది కనుక, జీలకర్ర-బెల్లం వేళ ఫొటోగ్రాఫర్ల ఫ్లాష్‌లు వెలిగినప్పుడు సగం ఫ్రేము మాత్రమే తెల్లబడుతుంది. సీసీడీలకు ఆ ఇబ్బంది లేదు. వాటి లోపం, గట్టి దీపం ఎదురైతే నిలువుగా వెలుగు చార పడటం.

మన ఊళ్లో మరొక చిక్కుంది. అమెరికాలోని పిల్లలు తెచ్చి ఇచ్చిన హెచ్‌వీ30 ఎన్‌టీఎస్‌సీ అనే అమెరికా వీడియో పద్ధతి రకం. ఇక్కడ పాల్ పద్ధతిలో తీసిన క్యాసెట్లు దానిలో ఆడవు. జడ్1లో పాల్‌కు చెందిన 50, ఎన్‌టీఎస్‌సీకి చెందిన 60 రెండింటికీ మార్చుకునే వీలుంది, పైగా సోనీ పీడీ170 వంటి కెమెరాలతో తీసిన డీవీక్యామ్ (సోనీ వారి వృత్తి రకం డీవీ) టేపులను కూడా అది చదువుతుంది. ఇంట్లో పాత పెళ్లి క్యాసెట్లు ఉన్నవారికి ఈ ఒక్క గుణమే చాలునని నా అభిప్రాయం.

ఏది కొన్నా పరీక్ష ముఖ్యం. జడ్1 మెనూలోని అవర్స్ మీటర్, టేపును చదివి రాసే హెడ్ డ్రమ్ ఎన్ని గంటలు తిరిగిందో చెబుతుంది; హెచ్‌వీ30 మెనూలో ఆ లెక్క దొరకదు. అందువల్ల కొత్త క్యాసెట్టు తీసుకువెళ్లి పది నిమిషాలు రికార్డు చేసి, వెంటనే ఆడించి చూడాలి. హెచ్‌డీవీలో ఫ్రేములు గుంపులుగా కుదించి ఉంటాయి కాబట్టి, టేపు మీద చిన్న మచ్చ ఉన్నా బొమ్మ దాదాపు అర సెకను బిగుసుకుపోతుంది. ఆ తరువాత వేరే కెమెరాలో తీసిన టేపును కూడా ఆడించాలి: తన రికార్డింగును చక్కగా చూపి, ఇతరుల దానిలో తడబడే యంత్రంలో డ్రమ్ము మీదుగా టేపు నడిచే దారి సరిగా లేదని అర్థం. సముద్రపు గాలికి లెన్సులో బూజు పట్టిందేమో టార్చి వెలుగులో ఏటవాలుగా చూడాలి, స్క్రూలు, జాక్‌లు తుప్పు పట్టాయేమో గమనించాలి. ఏసీ గది నుండి బయటి ఉక్కకు తెచ్చిన వెంటనే టేపు పెట్టనివ్వకండి. తేమ డ్రమ్ముకు అంటుకుని టేపు నలుగుతుంది.

బేటరీల విషయంలో జడ్1దే పైచేయి. దాని ఎన్‌పీ-ఎఫ్ రకం బేటరీలు నేటి ఎల్‌ఈడీ లైట్లకూ వాడుతున్నందున సులభంగా దొరుకుతాయి.

టేపును కంప్యూటరుకు ఎక్కించడానికి రెండింటికీ ఫైర్‌వైర్ అనే పాత రకం కేబుల్ కనెక్షన్ కావాలి. హెచ్‌వీ30లోని యూఎస్‌బీ ఫొటోలకే పనికివస్తుంది. 2025లో వచ్చిన మాక్ఓఎస్ 26 ఫైర్‌వైర్‌ను వదిలేసింది కనుక, బేరం కుదుర్చుకునే ముందే ఫైర్‌వైర్ కార్డు పెట్టిన విండోస్ డెస్క్‌టాప్ ఒకటి చూసుకోవాలి.